తొందరగా ఎండే కుంట

బడంగ్‌పేట్‌లోని మా ఇంటికి ఈ మధ్య అప్పుడప్పుడు పిల్లలు వస్తున్నారు. నేను రిటైరైన నీళ్ళ కొలతల శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్ళు. పరీక్షల గురించి అడుగుతారు, బదిలీల గురించి అడుగుతారు, ఏ సెక్షన్‌లో ఉంటే తొందరగా పైకి పోవచ్చో అడుగుతారు. అవి చెప్పడం నాకు రాదు. పని ఏమిటని అడిగితే మాత్రం పొద్దంతా చెప్పగలను. కానీ ఆ మాట తక్కువమంది అడుగుతారు. అందుకని అడగకుండానే రాస్తున్నాను.

కొలిచేవాళ్ళం

మన జీపు ఊళ్ళోకి పోగానే ఎవరో ఒకరు ఎదురొస్తారు. "సారూ, మా చేన్ల బోరు ఏడ పడ్తదో జర చూపియ్యున్రి" అంటారు. మనం నీళ్ళు చూపించేవాళ్ళమని వాళ్ళ నమ్మకం. మనం చూపించేది నీళ్ళను కాదు. ఎన్ని ఉన్నాయో, పోయినేడు కంటే ఎంత తగ్గాయో, ఎంత పెరిగాయో చెబుతాం. అంతే.

అంతే అన్నానని చిన్న పని అనుకోవద్దు. ఈ దేశంలో ఏ మూలకు పోయినా మనలాంటివాడు ఒకడు ఉంటాడు. ఒకడు నది వంతెన మీద నిలబడి నీటి మట్టం చదువుతుంటాడు. ఒకడు పొద్దున్నే లేచి రాత్రి కురిసిన వానను గ్లాసులో పోసి కొలుస్తుంటాడు. ఒకడు చెరువు తూము దగ్గర గుర్తు చూస్తుంటాడు. ఎండాకాలం చివరన ఒకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి, వేల బావుల్లోకి టేపులు దిగుతాయి. ఆ అంకెలన్నీ ఒకచోట చేరితేనే దేశానికి తన దగ్గర ఎంత నీరుందో తెలుస్తుంది. ఒక్కడు ఇంట్లో కూర్చుని అంకె వేస్తే అక్కడ దేశం పటంలో అబద్ధం ఉన్నట్టే. నా ఉద్యోగకాలంలో నా పేరు మీద అలాంటి అంకె ఒక్కటి కూడా లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

గర్వం నాకు పుట్టుకతో వచ్చింది. తుక్కుగూడకు అవతల మాకు గడీ, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. మా తాత గుర్రం మీద శిస్తు వసూలుకు పోయిన ఊళ్ళకే నేను భుజాన టేపు వేసుకుని బస్సులో పోయాను. నాన్న కాలానికి కొంత భూమి సీలింగు చట్టంలో పోయింది, కొంత కోర్టులో పోయింది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పేకాటలో పోయింది. గడీ పెద్ద దర్వాజా ఇప్పుడు శంషాబాద్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలుకు అలంకారంగా ఉంది. ఆ దారిన పోయినప్పుడు నేను తల తిప్పుకోను, చూసుకుంటూనే పోతాను. "దొర మనవడు బాయిలకు తొంగి చూసే నౌకరీ చేస్తున్నడు" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. నేను చొక్కా ఇస్త్రీ తప్పకుండా, నడుం వంచకుండా ఆ నౌకరీ చేశాను. వంగితే బావి మీద వంగాను. మనిషి ముందు వంగలేదు.

మూత పెట్టిన రెయిన్‌గేజ్

మొదట్లో నాకు వానల పని ఇచ్చారు. ఒక ఊళ్ళో రెయిన్‌గేజ్ చూసుకునే మనిషి పేరు రాములు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటా వాన దంచికొట్టినా రాములు దగ్గర నుంచి మాత్రం సున్నా వచ్చేది. చినుకులు పడ్డ రోజు పదో పరకో, పెద్ద వాన పడ్డ రోజు సున్నా. మా పై అధికారికి ఇది తలనొప్పి. "పక్క ఊళ్ళవి కలిపి సగటు తీసి అక్కడ వేసెయ్" అన్నాడు. నేను వేయలేదు. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ ఊరు పోయాను.

ఉరుము వినబడగానే రాములు ఇంట్లో నుంచి స్టీలు బేసిన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దాన్ని రెయిన్‌గేజ్ మీద బోర్లించి, పైన ఇటుక పెట్టాడు.

"ఏంది రాములూ ఇది?"

"సర్కారు సామాను గద సారూ. తడిస్తే తుప్పు పడ్తదని."

"వాన పడ్డప్పుడల్లా గిట్లనే చేస్తవా?"

"జర్ర చినుకులకు చెయ్య సారూ. పెద్ద వానకే."

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఎందుకంటే అది బిగించినప్పుడు మనవాళ్ళు అతనికి చెప్పింది ఒక్కటే మాట: జాగ్రత్తగా చూసుకో. అతను చూసుకున్నాడు. అది దేనికి ఉందో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు వానలో తడుస్తూనే ఇద్దరం నిలబడ్డాం. గ్లాసులో నీళ్ళు పోసి, గీత చూపించి, ఈ గీతను బట్టే కింద చెరువు తూము ఎప్పుడు తెరవాలో చెబుతారని వివరించాను. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా సారూ" అన్నాడు. అతనన్నది న్యాయమే.

రాములు సున్నాలు తప్పు అంకెలే, కానీ దొంగ అంకెలు కావు. మా అధికారి వేయమన్న సగటు చూడటానికి ముచ్చటగా ఉండేది, అయినా అది దొంగ అంకె. గ్రాఫులో గీత వంకరపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. అన్ని గీతలూ సాఫుగా ఉన్న కాగితాన్ని అనుమానించడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మీకూ అలాంటి అధికారి ఒకరు తప్పకుండా దొరుకుతారు. ఎదిరించనక్కర లేదు. ఆయన వేయమన్న అంకె మీ చేత్తో వేయకండి, చాలు.

అంజమ్మ బాయి

ఎయిర్‌పోర్టు వచ్చాక మా దిక్కున భూములకు రెక్కలొచ్చాయి. హాస్టళ్ళు, హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. వాటికి నీళ్ళు కావాలి. మా చిన్నాయన కొడుకు మాధవ్ మా ఊళ్ళో తనకు మిగిలిన భూమిలో లోతుగా బోరు వేసి ట్యాంకర్లు నింపడం మొదలుపెట్టాడు. ఆ ఎండాకాలమే దిగువన అంజమ్మ బావి అడుగంటింది.

అంజమ్మది కొద్దిపాటి చెలక, మెట్ట నేల. కొత్తిమీర, పాలకూర, తోటకూర వేసి తెల్లారేసరికి శంషాబాద్ మార్కెట్టుకు పట్టుకుపోయేది. భర్త లేడు. ఆ మడులే ఆమెకు జీవనం. బావి పోతే చెలక అమ్ముకోవడమే, కొనడానికి కాచుకుని ఉన్నవాళ్ళు చాలామంది. ఆమె అమ్మదలచుకోలేదు. మాధవ్ బోరు తన బావి నీళ్ళు గుంజుతున్నదని, దాన్ని మూయించమని దరఖాస్తు పెట్టింది. ఊళ్ళో రైతులు సంతకాలు చేశారు. ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది.

అప్పటికి మాకు కొత్త పై అధికారి వచ్చింది. గోదావరి వైపు నుంచి వచ్చిన సుభద్ర మేడమ్. నేను నేరుగా ఆమె దగ్గరికి పోయి, "మాధవ్ మా తమ్ముడు. ఈ పని వేరేవాళ్ళకు ఇవ్వండి" అన్నాను.

"వేరేవాళ్ళు ఎవరున్నారండీ? ఒకాయన సెలవు మీద ఉన్నారు. ఇంకొకాయనకు టేపు పట్టుకోవడం కూడా ఇంకా రాదు." ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "చుట్టరికం మీరే చెప్పారు. ఆ సంగతి ఫైలు మీద నేను రాస్తాను. మీరే వెళ్ళండి. అందరి ముందూ కొలవండి. టేపు మాత్రం మీ చేతిలో ఉండకూడదు."

"మరి ఎవరి చేతిలో ఉండాలి?"

"ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళ చేతిలో."

పని నేర్చుకునే పిల్లలకు నేను ఇచ్చే సలహా ఏదైనా ఉంటే ఇదే. నాది కాదు, ఆమెది.

టేపు పట్టిన చెయ్యి

ఊళ్ళో నన్ను చూడగానే అంజమ్మ పక్క రైతు మల్లేశ్ గట్టిగానే అన్నాడు. "తమ్ముని బోరు అన్న కొలుస్తడట. ఇగ తెల్వదా ఎట్లొస్తదో."

నేను స్టీలు టేపు చివర సుద్ద రుద్ది అంజమ్మకు ఇచ్చాను. టేపును బావి అడుగున మిగిలిన నీళ్ళలోకి దించితే తడిసినంత మేర సుద్ద రంగు మారుతుంది. దాన్ని బట్టి మట్టం ఎంతో తెలుస్తుంది. ఆమె టేపును అటూ ఇటూ తిప్పి చూసి, "నీ టేపు మీద నాకు నమ్మకం లేదు దొరా" అంది. లోపలికి పోయి బకెట్ తాడు తెచ్చుకుని, దానికి ముడి వేసి, టేపు పక్కనే దించింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆమె చేసింది సరైన పని. మా తాత పేరు చెప్పుకుని కూడా నేను ఆ రోజు ఆమెను నమ్మమని అడగలేకపోయేవాణ్ణి. బహుశా ఆ పేరు వల్లే అడగలేకపోయేవాణ్ణి.

అంతకుముందు రోజు నుంచే చుట్టుపక్కల మోటర్లన్నీ ఆపించాం. మట్టం కుదురుకున్నాక మాధవ్ బోరు నడిపించాం. ట్యాంకర్లు వరుసగా నిండాయి. వాటిని దూరంగా తీసుకుపోయి, నీళ్ళు మళ్ళీ ఇటు రాకుండా అవతలి వాలులో పారబోయించాం. మల్లేశ్ ఆ బోరు దగ్గరే కూర్చుని ఒక్కొక్క ట్యాంకర్‌నూ చూశాడు. ఇక్కడ అంజమ్మ మాటిమాటికీ టేపు దించుతూ ఉంది, తాడు దించుతూ ఉంది. పొద్దు గూకేదాకా, మళ్ళీ మర్నాడు.

మట్టం కదలలేదు. తాడు ప్రతిసారీ ముడి దాకానే తడిసింది.

"బోరు చిన్నగ నడిపిచ్చిండ్రు కావొచ్చు" అన్నాడు మల్లేశ్.

"ఆడ గూసొని చూసింది నువ్వే గదరా. చిన్నగ నడిస్తే గన్ని ట్యాంకర్లు ఎట్ల నిండినయ్?" అంది అంజమ్మ.

మాధవ్ మీసం మీద చెయ్యి వేశాడు. "చూసినవా అన్నా. ఉత్తగ పరేషాన్ చేసిండ్రు నన్ను" అన్నాడు.

కారణం నాకు అప్పటికి అర్థమైంది. మా దిక్కున నేల కింద అంతా తెల్లరాయి. అక్కడక్కడా దాన్ని చీల్చుకుంటూ నల్లరాయి గోడలా నిలబడి ఉంటుంది. పైన గుట్ట మీద వరుసగా కనిపించే నల్లని గుండ్లు ఆ గోడ తలలే. మాధవ్ బోరుకూ అంజమ్మ బావికీ మధ్య నుంచి ఆ వరుస పోతోంది. అటు నీళ్ళు అటే, ఇటు నీళ్ళు ఇటే. ఇదంతా చెప్పాను. అంజమ్మ విన్నది. టేపు చుట్టి నా చేతిలో పెట్టింది.

"సరే సారూ. ఆ బోరు గుంజలేదు. అయితే నా నీళ్ళేమైనయ్?"

దరఖాస్తులో లేని ప్రశ్న అది. కానీ ఆమెకు కావలసింది అదొక్కటే.

గడ్డి పడుకున్న దిక్కు

ఇద్దరం వాలు పట్టుకుని పైకి నడిచాం. మల్లేశ్ వెనకాల వచ్చాడు. ఎగువన, నల్లరాయి గోడకు ఇవతలే, ఒక కుంట ఉండాలి. దొర కుంట అంటారు, మా తాత కట్టించినది. నేను నడుస్తూ ఆ మాట అన్నాను.

"కట్టిచ్చింది మీ తాత" అంది అంజమ్మ. "తట్ట మోసింది మా మామ. కూలి ఇయ్యలే."

నేను నడక ఆపలేదు. ఆమె చెప్పింది నిజం, అందులో నేను దిద్దగలిగింది ఏమీ లేదు.

కుంట కనబడలేదు. ముళ్ళచెట్లు దాటి చూస్తే చదునుగా మొరం మట్టి పరిచిన నేల, రంగురంగుల రాళ్ళు పాతిన ప్లాట్లు, వాటి ముందు ఎత్తుగా వేసిన రోడ్డు. కుంటలోకి పారే చిన్న ఒర్రె నీళ్ళు పోయేందుకు ఆ రోడ్డు కింద ఒక్క తూము కూడా పెట్టలేదు. పోయిన వానలకు నీళ్ళు వచ్చి రోడ్డుకు గుద్దుకుని పక్కకు తిరిగాయి. గడ్డి ఎటు పడుకుందో చూస్తే తెలిసిపోతుంది. ఆ నీళ్ళన్నీ పక్క ఊరి వాగు దారి పట్టాయి. ట్యాంకర్లు తిరగడం, కుంట పూడటం ఒకే ఏడాది జరిగాయి. ట్యాంకర్లు రోడ్డు మీద తిరిగాయి గనుక ఊరికి కనబడ్డాయి. కుంట ముళ్ళచెట్ల వెనక పూడింది గనుక కనబడలేదు.

ప్లాట్ల ముందు పెద్ద బోర్డు ఉంది. దాని మీద మా తాత పేరు. వెంచర్ మాధవ్‌ది.

అంజమ్మ చదువుకోలేదు. మల్లేశ్ చదివి చెప్పాడు. ఆమె బోర్డు వైపు కాదు, నా వైపు చూసింది.

సగం రిపోర్టు

మాధవ్ మర్నాడే బడంగ్‌పేట్ వచ్చాడు. మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తే పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

"దరఖాస్తుల బోరు గురించే ఉన్నది గద అన్నా. బోరుది తప్పు లేదని నువ్వే తేల్చినవ్. ఆడికే ఆపు."

"ఆపితే ఆమె బాయిల నీళ్ళొస్తయా?"

"ఆ కుంటల నీళ్ళు ఎన్నడన్న నిలిచినయా? నాకు తెలివొచ్చిన కాంచి చూస్తున్న. వానలు పడ్తయ్, నిండుతది, పండుగలకు ముందే ఎండుతది. ఎండిన కుంటను పూడిస్తే ఎవనికేం నష్టం?"

నా ఉద్యోగం మొత్తంలో నేను ఎక్కువసార్లు విన్న తప్పు ఇది. పటేళ్ళు అన్నారు, సర్పంచులు అన్నారు, చదువుకున్న ఇంజినీర్లు కూడా అన్నారు. నీళ్ళు నిలవని కుంట పనికిరానిదని అందరికీ నమ్మకం. నిజానికి ఎగువన ఉన్న కుంట తొందరగా ఎండిందంటే అది తన పని తాను చేసిందన్నమాట. నీళ్ళు ఎండకు పోలేదు. మొరంలోంచి దిగి కింద బావుల్లోకి నడిచాయి. ఏడాదంతా నిండుగా మెరిసే కుంట చూడటానికి అందం. అంజమ్మ బావిని బతికించింది మాత్రం తొందరగా ఎండే కుంట.

"నిలవయి, మాధవ్. నిలవకపోవడమే దాని పని" అన్నాను.

అతనికి అర్థమైంది. అర్థమైంది కనుకే గొంతు తగ్గించాడు. "ఇన్నేండ్లకు మన ఇంటి పేరు మళ్ళ ఒక బోర్డుకెక్కిందే. అప్పు జేసి ఎక్కిచ్చిన. నీ చేతుల మీద దింపుతవా?"

ఈ మాట నాకు తగలలేదని చెప్పను. మా ఇంట్లో మళ్ళీ నిలబడాలని ప్రయత్నం చేసినవాడు మాధవ్ ఒక్కడే. నేను నౌకరీ చేసుకుని బతికాను, అతను తెగించాడు. సగం రిపోర్టు రాస్తే అందులో అబద్ధం ఒక్కటి కూడా ఉండేది కాదు. బోరు వల్ల నష్టం లేదు, సంతకం, తేదీ. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. పిల్లలూ, మీ ముందుకు వచ్చే ప్రలోభం లంచం రూపంలో రాదు. ఇలా నిజమైన సగం రూపంలో వస్తుంది.

"మన ఇల్లు ఈ భూమ్మీద చేసిన మంచి పని ఏదన్న ఉంటే ఆ కుంటే" అన్నాను. "అది కూడ ఊరోళ్ళతోని ఉత్తగ మోపిచ్చి కట్టిచ్చింది. దాన్ని మనమే పూడిస్తే ఇగ మన పేరు ఏ బోర్డు మీద ఉంటే ఏంది?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

రిపోర్టు మొత్తం రాశాను. బోరు, నల్లరాయి, కుంట, రోడ్డు, వెంచర్ ఎవరిదో, అతను నాకు ఏమవుతాడో. సుభద్ర మేడమ్ చివరిదాకా చదివింది.

"మిమ్మల్ని అడిగింది బోరు గురించి కదండీ."

"ఆమె అడిగింది నీళ్ళ గురించి, మేడమ్."

ఆమె పెన్ను తీసి సంతకం చేసింది. పనిలో నాకు దక్కిన పెద్ద గౌరవం ఆ సంతకమే.

మోటరు నడుస్తున్న రోజు

తర్వాత ఆఫీసుల చుట్టూ చాలా తిరుగుళ్ళు ఉన్నాయి, అవి రాయను. రికార్డులో కుంట కుంటగానే ఉంది కనుక మాధవ్ మొరం తీయించక తప్పలేదు. రోడ్డు కింద తూములు వేయించాడు. కుంటలో వేసిన ప్లాట్లు పోయాయి, మిగతావి ఉన్నాయి. అతను మునిగిపోలేదు. చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు, పొడిగా.

ఆ మధ్యకాలమంతా అంజమ్మ చెలక అమ్మలేదు. ఎకరానికి ఇంత అని వచ్చినవాళ్ళను గట్టు మీది నుంచే పంపించింది. మడుల్లో సగం ఎండబెట్టి, మిగతా సగానికి బిందెలతో పోసుకుంది.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. కుంట నిండింది, ఎప్పటిలాగే తొందరగా ఎండింది. వానలు వెనుదిరిగాక కొలతలకు పోతూ అంజమ్మ చెలక దగ్గర జీపు దిగాను. దూరం నుంచే మోటరు చప్పుడు వినిపించింది. కొత్తిమీర మడుల్లో నీళ్ళు పారుతున్నాయి. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పారతో మడి తెంపుతోంది.

"అంజమ్మా, జర మోటరు బంద్ చెయ్యి. మట్టం కొలవాలె" అన్నాను.

ఆమె నడుం ఎత్తలేదు. "బంద్ చేస్తే ఈ మడి ఎవలు పారిస్తరు? నీళ్ళున్నయ్ సారూ. పొయ్యి రేపు రా."

జీపు డ్రైవర్ నా వైపు చూశాడు. ఒక సర్కారు మనిషి ఊళ్ళో వినకూడని మాట అది. దొర మనవడు అసలే వినకూడదు. నేను టేపు మళ్ళీ సంచిలో పెట్టుకుని, చెప్పులు తడవకుండా గట్టు మీదుగా వెనక్కి నడిచాను. మర్నాడు పొద్దున్నే పోయి కొలుచుకొచ్చాను.